వాగులో వదలాల్సిన చేప

తొలకరికి మా ఏజెన్సీ వాగుల్లో చేపలు గుడ్లతో ఎదురెక్కుతాయి. పట్టడం అప్పుడే సులువు. కొర్రమీను అయితే తన ఎర్రటి పిల్లల గుంపును వదలకుండా కాపలా కాస్తుంది. దాన్ని పట్టామా, పిల్లల్ని వేరే చేపలు తినేస్తాయి. ఒక్క పూట కూరకు గుంపంతా పోతుంది.

ఆకలితో ఉన్నవాణ్ణి పట్టొద్దనే హక్కు మనకు ఉందా? లేదు. తినడానికి పట్టడం తప్పు కాదు. కానీ బ్లీచింగ్ పౌడర్ చల్లితే మనం తినని చేపపిల్లలూ చస్తాయి, దిగువ ఊరి నీళ్లూ చెడతాయి. నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం నేరమని 1897 నాటి చేపల చట్టమే చెప్పింది. అయితే రాత్రిపూట వాగు గట్టున పోలీసు ఉండడు. ఉండేది మనమే.

పిల్లలున్న కొర్రమీనును వదిలేద్దాం. ఇంటికి సరిపడా తెద్దాం, మిగిలితే పక్కింటికి ఇద్దాం. బడిలో ఈ మాట చెప్పే మేము ముందు మా బుట్టలో చూసుకోవాలి.