గడపకు పూసిన నెత్తురు

శ్రీనివాసుని కొండపైన జీవవధకు తావు లేదు. కొండక్రింద, ఆయన చెల్లెలని జనులు చెప్పుకొను తాతయ్యగుంట గంగమ్మకు ఏటేట జరుగు జాతరలో పొంగళ్లతోపాటు కోళ్లును మేకపోతులును బలియగుచునే యున్నవి, తిరుమల దేవస్థానమువారి సారెయు నా తల్లికి వచ్చుచునే యున్నది. ఈ రెండాచారముల నడుమ పుట్టి పెరిగిన మా తిరుపతివారికి యూదుల పస్కాపండుగలోని గొఱ్ఱెపిల్లను గూర్చి చదువునపుడు, అదియు గంగమ్మ మ్రొక్కువంటిదే కాబోలునని తోచుట సహజము. కొంతవఱకది నిజమే, ఆ కొంత దాటిన పిమ్మట కనబడు భేదమునందే దాని యర్థమంతయు నున్నదని నా నమ్మకము.

జాతరలో మేకపోతుపై పసుపునీళ్లు చల్లి, అది యొడలు విదిలించువఱకు కాచియుందురు. విదిలించెనా, అమ్మ యొప్పుకొన్నట్లు. ఐగుప్తున తొలిచూలువారు చావగా, నెత్తురు పూసిన ఇశ్రాయేలీయుల యిండ్లు తప్పించుకొన్న రాత్రిని చెప్పు నిర్గమకాండము పండ్రెండవ యధ్యాయమున నట్టి గుర్తేదియు లేదు. మొదటి నెల పదవనాడు ఇంటికొకటిగా, గొఱ్ఱెలనుండి గాని మేకలనుండి గాని, కళంకము లేని యేడాది మగపిల్ల నేఱుకొని, పదునాలుగవనాటి సాయంకాలమువఱకు దానిని కాపాడవలెను. బోధకులు సామాన్యముగా దాటిపోవు నీ నాలుగు దినములు నాకు మిక్కిలి విలువైనవిగా తోచును. మందలో నొకటియైన జంతువు ఈ లోపల ఇంటిది కాకపోదు. పిల్లలు దానికి పచ్చిక పెట్టియుందురు, దాని యరుపు నెఱిగియుందురు. తమ ప్రాణము నిలుచుటకు మఱియొక ప్రాణము పోవుచున్నదని యెఱుగకుండ నా రాత్రి యెవ్వరును భోజనమునకు కూర్చుండలేదు.

వధించుటకు పూజారి లేడు, బలిపీఠమును లేదు. హిస్సోపుకుంచెతో నెత్తురును ద్వారబంధపు నిలువుకమ్ములకును పైకమ్మికిని పూయవలెను. జాతరనాళ్లలో మేము గుమ్మములకు వేపమండలు కట్టుదుము గనుక ద్వారరక్షయను భావము మాకు క్రొత్త కాదు. కాని ఆ నెత్తురు ‘మీకు’ గుర్తని గ్రంథము చెప్పుటచే, దానిని గడపకు వెలుపల పూసిరా, లోపల పూసిరాయని ప్రాచీన రబ్బీలు వాదించుకొనిరి. లోపలనే యన్న రబ్బీ ఇష్మాయేలు పక్షమునకే నా మనస్సు మొగ్గును. ఆ గుర్తు లోపలివారు తామెవరో మఱవకుండుటకే.

పిమ్మట భోజనము: నిప్పున కాల్చిన మాంసము, పొంగని రొట్టెలు, చేదుకూరలు. నడుము కట్టుకొని, చెప్పులు తొడిగి, చేతికఱ్ఱతో త్వరగా తినవలెను, ఎముక విఱువరాదు, తెల్లవాఱువఱకు మిగుల్పరాదు. ఇల్లు చిన్నదైనచో పొరుగింటివారిని కూడ లెక్కించి పిల్లను పంచుకొనవలెను.

తరువాత ద్వితీయోపదేశకాండము ఈ గృహబలిని దేవాలయస్థానమునకు మార్చెను. క్రీ. శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేయగా యూదులకు బలి నిలిచిపోయి, పండుగ మరల ఇంటికి వచ్చెను. నేడు పళ్లెరములో నొక కాల్చిన యెముక, పిల్లవాడు పెద్దల నడుగు ప్రశ్నలు మిగిలినవి. గెరిజీము కొండపై సమరయులు మాత్రము నేటికిని గొఱ్ఱెలను వధించుచున్నారు. గుంటూరు సీమలోని కొత్తరెడ్డిపాలెమున, తాము ఇశ్రాయేలు గోత్రమైన ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొను తెలుగు కుటుంబములును పస్కా నాచరించుచున్నవి.

క్రైస్తవులకు ఆ పిల్ల యేసే. సిలువపై ఆయన యెముక విఱువబడలేదని యోహాను పస్కావిధిని తలంచియే వ్రాసెను; మన పస్కా క్రీస్తేయని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఇంటికొక్కటిగా నున్నది ఎల్లరకు నొక్కటి యాయెను గనుక, తిరుపతి కేంద్రముగాగల దక్షిణాంధ్ర లూథరన్ సంఘపు దేవాలయములలో గొఱ్ఱెపిల్ల లేదు, రొట్టెయు ద్రాక్షారసమును గలవు. అయినను మన బోధకులలో పలువురు నెత్తురును గూర్చియే యెలుగెత్తి చెప్పి, భోజనమును ముక్తసరిగా ముగింతురు. ఇది నాకు బాధ కలిగించును. కొరింథులో కలవారు ముందుగా తిని త్రాగగా, లేనివారు ఆకలితో నుండిరి. అట్టిది ప్రభువు భోజనమే కాదని పౌలు మందలించెను. పొరుగువానిని లెక్కింపుమను నియమము ఐగుప్తునందలి ఆ మొదటి రాత్రికి ముందే విధింపబడియున్నది.