లెక్కలో రాని మూడో మనిషి

మా ఊరు అమ్రాబాద్ వైపు. పాత పాలమూరు జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. 2019లో నల్లమలలో యురేనియం వద్దని గొడవ నడుస్తున్నప్పుడు ఊర్లో ఒకాయన నన్నడిగిండు: "నువ్ ఫిజిక్స్ చదివినవు గదా, గా రాయి లోపల ఏమైతది?" ఆ సెప్టెంబర్‌లో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆయన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

లోపల అయ్యేది ఇది. కదలకుండా ఉన్న యురేనియం-238 కేంద్రకం ఒక ఆల్ఫా కణాన్ని విసిరి థోరియంగా మారుతుంది. మొదట్లో ద్రవ్యవేగం సున్నా, కాబట్టి చివర్లోనూ మొత్తం సున్నానే కావాలి. ఆల్ఫా అటు పోతే థోరియం ఇటు వెనక్కి జరుగుతుంది. ఇద్దరి ద్రవ్యవేగమూ సమానం. శక్తి మాత్రం సమానం కాదు. థోరియం దాదాపు 58 రెట్లు బరువు, అందుకని శక్తిలో 98 శాతం ఆ తేలికపాటి ఆల్ఫాదే. లెక్క సరిపోవడం వేరు, పంపకం సమంగా ఉండటం వేరు.

థోరియం దగ్గర కథ ఇంకాస్త చిక్కుపడుతుంది. దాని అర్ధాయువు 24 రోజులు, అది వదిలేది ఎలక్ట్రాన్‌ని. ఇట్లాంటి బీటా క్షయంలో ముక్కలు రెండే అయితే, ద్రవ్యవేగం లెక్క ప్రకారం ఎలక్ట్రాన్ ప్రతిసారీ ఒకే శక్తితో రావాలి. 1914లో చాడ్విక్ కొలిచి చూస్తే ఒక్కోటి ఒక్కో శక్తితో వస్తోంది. మిగతాది ఎటు పోయింది? నీల్స్ బోర్ అంతటివాడు, శక్తి నిత్యత్వం సగటున మాత్రమే నిజమేమో అన్నాడు. 1930 డిసెంబర్‌లో పౌలీ వేరే దారి పట్టాడు: నియమం తప్పలేదు, మనకు కనపడని మూడో కణం ఒకటి మిగతాది మోసుకుపోతోంది. అదే న్యూట్రినో. రైన్స్, కోవన్ దాని జాడ పట్టేసరికి 1956 వచ్చింది.

ఈ పాఠం నేను చాలాసార్లు చెప్పిన. మా ఇంటి లెక్క ఎన్నడూ చూసుకోలే.

నాయిన, అవ్వ గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని కాలువ పనులకు పోయేటోళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఇంటికాడ నేను, అక్క, ముసలి నాయనమ్మ. అక్క ఏడో తరగతిలో బడి మానేసింది. నేను మానలేదు. తర్వాత ఎవరడిగినా "కష్టపడి చదువుకున్నా" అని చెప్పేటోణ్ణి. నా కష్టం, నాయిన కూలి. రెండే ముక్కలు. నేను వచ్చిన దూరానికి ఆ రెండూ సరిపోవని లెక్కలు చెప్పుకుని బతికే నాకే తట్టలేదు.

పోయినేడు నాయిన పేరు మీదున్న రెండెకరాలు నా పేరు మీదకు మార్చాలని, అక్కతో సంతకం పెట్టించుకు రమ్మన్నరు పెద్దమనుషులు. "పెండ్లికి పెట్టినం గదా, ఆమె లెక్క తీరింది" అన్నరు. కాయితం పట్టుకుని పోయిన. అక్క చదవకుండానే పెన్ను అడిగింది. "యాడ పెట్టాలె?"

నేను కాయితం మడిచి జేబులో పెట్టుకున్న.

ఇక్కడ భౌతికశాస్త్రం ఆగిపోతుంది. న్యూట్రినో దొరికితే సమీకరణం పూర్తవుతుంది, దానికి మనం బాకీ పడం. మనిషి దొరికితే అప్పుడే బాకీ మొదలవుతుంది. లెక్క తప్పినప్పుడు నియమాన్ని అనుమానించే ముందు, ఎవర్ని వదిలేసినవో చూడు అని మాత్రమే ఆ సూత్రం నాకు నేర్పింది. ఎంత ఇవ్వాలో చెప్పదు. ఒక ఎకరం ఏడో తరగతికి సమానమా? కాదు. అట్లని ఇవ్వకపోవడం న్యాయమూ కాదు.

ఎకరం నీ పేరు మీద రాయిస్తానంటే అక్క నవ్వింది. "బోరు పడని చెలక నాకెందుకురా?" అంది. కాసేపాగి, "రాయి" అంది.