సంస్కృతిలో ఏది విడువవలెను?

పెండ్లిలో సిలువ గుర్తుగల మంగళసూత్రం కట్టుకుంటాం. దేవాలయం బయట చెప్పులు విడుస్తాం. అయినా మన ఆడపడుచులు బొట్టు పెట్టుకోవచ్చునా, పొరుగువారు పండుగనాడు పంపిన పిండివంటలు పుచ్చుకోవచ్చునా అని మన విచారణలలో నేటికీ వాదులాటే.

ఇది కొత్త ప్రశ్న కాదు. విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చునా అనే సందేహం కొరింతు సంఘంలో పుట్టింది. విగ్రహం వట్టిదే అయినా, బలహీనుడైన సోదరుని మనస్సాక్షిని గాయపరచవద్దని పునీత పౌలుగారు బోధించారు. రెండవ వాటికన్ మహాసభ (1962-65) ఆయా ప్రజల సంస్కృతిలోని మంచిని స్వీకరించుమన్నది. 1969లో మన దేశపు దివ్యపూజకై అంజలి, హారతి, నూనెదీపం మొదలైన 12 అంశాలను రోము ఆమోదించింది.

కనుక అడగవలసినవి రెండే ప్రశ్నలు. ఈ ఆచారం దేవునికి చెందవలసిన ఆరాధనను మరొకరికి ఇస్తున్నదా? తోటి మనిషిని తక్కువ చేస్తున్నదా?

మొదటి ప్రశ్న మనం తరచుగానే వేసుకుంటాం. రెండవది వేసుకోం. హారతి పళ్లెం చూసి ఉలిక్కిపడేవారం, 1961లో చట్టం నిషేధించిన వరకట్నాన్ని లాంఛనం పేరిట పుచ్చుకుంటాం. ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరించి, ఇంటికి వచ్చి కులం చూసి సంబంధం వెదకుతాం. ఇవీ చుట్టూ ఉన్న సంస్కృతి నుండి తెచ్చుకున్నవే. వీటిని మాత్రం అన్యాచారమని ఎవరూ అనరు!

ప్రియ సహోదరులారా, నుదుటి బొట్టు తుడుచుకోవడం సులభం. కట్నం వద్దని చుట్టాలందరి ఎదుట చెప్పడం కష్టం. మన విశ్వాసానికి సాక్ష్యం కావలసినది ఆ కష్టమైన చోటనే.