పాతిపెట్టని తలాంతు



యజమాని అప్పగించిన తలాంతును భూమిలో పాతిపెట్టిన సేవకుని కథ మనందరికీ తెలుసు (మత్తయి 25). వాడు దొంగిలించలేదు, దుబారా చేయలేదు. భయపడ్డాడు, అంతే. ప్రభువు గద్దించినది ఆ భయాన్నే.

ఆ భయానికి లొంగని ఒక మఠకన్యను ఈ వారం తలచుకుందాం. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరానికి తూర్పున మెక్సికో సంతతి కష్టజీవులు తరతరాలుగా బ్రతుకుతున్న పేటలున్నాయి. పెద్ద రహదారుల కోసం అక్కడ ఎన్నో ఇళ్లు కూల్చారు. 1970 ఆగస్టు 29న అక్కడ జరిగిన యుద్ధ వ్యతిరేక ఊరేగింపు పోలీసుల దాడితో చెదిరిపోయింది. పత్రికా రచయిత రూబెన్ సలజార్ ఆనాడే ప్రాణాలు కోల్పోయారు.

అదే ఏడు ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన సిస్టర్ కారెన్ బొకలేరో కొందరు చిత్రకారులతో కలిసి ఒక గ్యారేజీలో బొమ్మల అచ్చుపని ప్రారంభించారు. ఆమెది ఇటలీ మూలాలున్న కుటుంబం. అయినా ఆ పేట ప్రజలను తనవారిగా ఎంచుకున్నారు. 1973లో అది లాభాపేక్ష లేని సంస్థ అయింది. పేరు సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్. 'స్వయం సహాయం' అనే మాట మన తల్లులకు కొత్తది కాదు కదా!

వారు ఎన్నుకున్నది స్క్రీన్ ప్రింటింగు. మన ఊళ్లలో శుభలేఖలు అచ్చువేసిన పద్ధతే. ఒక్క బొమ్మకు ఎన్నో ప్రతులు తీయవచ్చు గనుక పేదవాని గోడమీదికి కూడా కళ వచ్చింది. 1975లో ఒక వ్యానులో రంగులు, పనిముట్లు సర్దుకుని పిల్లల దగ్గరకే వెళ్లారు. మన సమాధుల పండుగవంటి మృతుల స్మరణ దినాన్ని మెక్సికో సంప్రదాయంలో, ఎవర్‌గ్రీన్ శ్మశానం నుండి ఊరేగింపుగా, వీధుల్లో జరిపారు. తమ పెద్దల ఆచారం సిగ్గుపడవలసినది కాదని పిల్లలు కళ్లారా చూశారు.

1997లో సిస్టర్ కారెన్ ప్రభువునందు నిద్రించారు. 1979 నుండి సంస్థకు నీడనిచ్చిన భవనాన్ని 2008లో అగ్రమేత్రాసనం అమ్మివేసింది. ఇది మన సంఘం కూడా ఆలోచించవలసిన విషయం. అయినా పని ఆగలేదు. 2011లో బాయిల్ హైట్స్ పేటలో మరో చోటికి మారి కొనసాగింది. గోడలు పోయినా నేర్చిన చేతులు మిగిలాయి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ బొమ్మ వేస్తే, డప్పు వాయిస్తే, పాట కడితే "ఇది కూడు పెడుతుందా?" అని గద్దిస్తున్నారా? గుడారపు పనికై బెసలేలును ఆత్మతో నింపిన దేవుడే ఆ బిడ్డకూ ఆ నేర్పు ఇచ్చాడు (నిర్గమ 31). చదువు మాన్పించనక్కరలేదు. ఆదివారం పూజ తర్వాత విచారణలో ఒక గది, కొన్ని రంగులు, నేర్పగల ఒక పెద్ద ఉంటే చాలు. గ్యారేజీ సరిపోయిన దేవునికి మన గుడి వసారా సరిపోదా?

తండ్రీ, నీవిచ్చిన తలాంతును మా భయంతో మా బిడ్డలలో పాతిపెట్టకుండ మమ్ము కాపాడుము. ఆమెన్.