దైవం, పౌరుషం, కెమెరా వేదిక

సూరత్‌లోని లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో 2019 సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ ఫైనల్‌ను కర్ణాటక ఒక్క పరుగు తేడాతో గెలిచింది. అటువంటి ఉత్కంఠలో ఎత్తైన వేదికపై నిలిచిన కెమెరామన్ చూపు, మనసు ఆటలోనే లగ్నమవుతాయి గనుక, కాలి పక్కనున్న అంచు అతనికి స్ఫురించదు. అక్కడి నుంచి పడితే అది తలరాతేనా?

యోగవాసిష్ఠంలోని ముముక్షు వ్యవహార ప్రకరణం పౌరుషాన్ని, అంటే మానవ ప్రయత్నాన్ని, దైవం కంటే బలమైనదిగా నిలిపి, దైవమనేది పూర్వకర్మ ఫలమేనని వాదిస్తుంది. ఆ దృష్టిలో, అంచున రెయిలింగ్ లేకపోవడం, హార్నెస్‌ను, అంటే భుజాలను, నడుమును, తొడలను కలిపి పట్టే పట్టీల కూర్పును, తగిలించడానికి గట్టి ఆధారం లేకపోవడం విధి కాదు, ఎవరో చేయక వదిలిన పని.

అయితే ఆ గ్రంథం ప్రధానంగా సాధకుడి సొంత ప్రయత్నాన్నే బోధిస్తుంది. ఇక్కడ అది చాలదు. 2010లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఎత్తిన లిఫ్టుపై నుంచి ఫుట్‌బాల్ సాధనను చిత్రిస్తున్న విద్యార్థి, పెనుగాలికి ఆ లిఫ్టే కూలి మరణించాడు. గాలి మనిషి చేతిలో లేదు. కానీ ఆ గాలిలో అతణ్ణి పైకి ఎక్కనిచ్చింది మనుషులే. లిఫ్టే ఒరిగిపోతే దానికి తగిలించిన హార్నెస్ కాపాడలేదు కనుక, ఇక్కడి పౌరుషం వేదికను నిలిపినవారిది, గాలి వేగం చూసి పని ఆపగల అధికారం ఉన్నవారిది కూడా.