ముక్కు దాటిన చాలునా?



మా సామల్పట్టి వర్తకునికి పడవతో పని లేదు. మా సరుకంతయు రైలుమీదనో లారీమీదనో పోవునదే. అయినను పడవ నడుపు విద్యలోని సంగతి యొకటి కొంతకాలముగా నా మనస్సును వేధించుచున్నది.

రామేశ్వరమునకు పోవు దారిలోని పాంబన్ రైలు వంతెనను మీలో అనేకులు చూచియుందురు. 1914 ఫిబ్రవరిలో తెరువబడిన పాత వంతెన నడిమి భాగము రెండు రెక్కలుగా పైకి లేచి ఓడలకు దారి యిచ్చెడిది. 2025 ఏప్రిల్‌లో దాని ప్రక్కనే ప్రారంభమైన క్రొత్త వంతెనలో 72.5 మీటర్ల భాగము నిలువుగా పైకి లేచును. కాని దారి తెరచినంతమాత్రమున భయము తీరదు. 2013 జనవరిలో ఒక బార్జి కొట్టుకొనివచ్చి పాత వంతెన స్తంభమునకు తగిలి నష్టము కలిగించెను.

ప్రవాహముతో సమముగా కొట్టుకొనిపోవు పడవకు చుక్కాని పనిచేయదు. నీటికన్న వేగముగా సాగినప్పుడే అది పట్టునిచ్చును. కనుక దూరముననే పడవను తిన్నగా పెట్టుకొనవలెను. స్తంభముల నడుమ చేరిన పిమ్మట చుక్కాని త్రిప్పినచో ముక్కు ఒక ప్రక్కకును, వెనుక కొస రెండవ ప్రక్కకును పోవును. ముక్కు తప్పించుకొన్నదని సంతోషించులోపల వెనుక కొస స్తంభమును కొట్టును.

ఇదే నా కథ. కొన్నేండ్ల క్రిందట చింతపండు మితిమీరి కొని గిడ్డంగి నింపితిని. ధర పడిపోయెను. బ్యాంకు వాయిదా వచ్చెను. ఉన్న రొక్కము అచ్చట కట్టి అంగడి పేరు నిలుపుకొంటిని. నమ్మకముమీద సరుకు వేసిన ఒక చిన్న రైతుకు మాత్రము "వచ్చే నెల చూతము" అంటిని. ఆ నెల మూడు నెలలయ్యెను. ఆతడు ఎద్దుల జతను అమ్ముకొనెను. సంవత్సరినాడు అందరితోపాటు ఆతనికిని మిచ్ఛామి దుక్కడం చెప్పితిని. "మీరేం చేస్తారు సేటూ, కాలం అట్లా వచ్చింది" అనెను. తరువాత వడ్డీతో బాకీ తీర్చితిని. ఎద్దులు తిరిగి రాలేదు.

"అంగడి మునిగిన రైతుకు పైకమెక్కడిది? ఆత్మరక్షణ తప్పా?" అని కొందరందురు. నిజమే, మునిగిన పడవ ఎవరిని దాటించును? కాని నా అంగడి మునుగునట్టి స్థితిలో లేదు. ఇంట నగలున్నవి, వాకిట లారీ యున్నది. వానిని ముట్టక, గట్టిగా అడుగలేనివానిని ఆపితిని. బ్యాంకు నోటీసు పంపును, పేదవాడు పంపలేడు. ఎవరి బాకీ ముందు తీర్చవలెనో నాకు నిర్ణయించినది ధర్మము కాదు, భయము.

శ్రావకునికి చెప్పిన పరిగ్రహ పరిమాణ వ్రతము ధనమును తగ్గించుకొనుటకే అనుకొనెడివాడను. వంతెన చేరకముందే బరువును కొలుచుకొనుట కూడ అదేయని ఇప్పుడు తెలిసినది. గిడ్డంగి సగము నింపియున్నచో ఆ రైతు ఎద్దులు ఆతని కొట్టములోనే యుండెడివి. క్షమాపణ మనస్సును కడుగును గాని విరిగిన కొసను అతుకదు.

తీర్థంకరుడనగా దాటుటకు రేవును ఏర్పరచినవాడు. ఆ రేవు ఒక్కనికొరకు కాదు. అందుచే ఇప్పుడు దీపావళికి క్రొత్త ఖాతా తెరచునపుడు, నోరులేని బాకీదారుల పేర్లు మొదటి పుటలో వ్రాయుచున్నాను. సోదరులారా, ముక్కున నిలిచినవాడు వెనుకకు చూచిన పిమ్మటనే "దాటితిమి" అనవలెను.