భాష రాని గడ్డపై ఒంటరితనం: సహనమంటే మౌనమేనా?

బ్రతుకుతెరువు కోసం ఇల్లు వదలి వెళ్ళడం మన కుటుంబాలకు కొత్త కాదు. కడప, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి దుబాయికి, సౌదీ అరేబియాకు వెళ్ళినవారు మన బంధువర్గంలో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. వారి కష్టాలు అనగానే మనకు ఎండ, పని గంటలు, చేతికందని జీతం గుర్తుకొస్తాయి. కాని వారు నోరు తెరచి చెప్పని కష్టం మరొకటుంది. చుట్టూ మనుషులు ఉంటారు, మాట్లాడటానికి మాత్రం మాట ఉండదు. యజమాని ఏదో అంటాడు. అది కోపమో, పని చెప్పడమో అర్థం కాదు. పంటి నొప్పి వస్తే ఎక్కడ, ఎలా నొప్పి పుడుతోందో వైద్యునికి చెప్పలేరు. పక్కవారంతా నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియక తామూ నవ్వినట్లు నటిస్తారు. ఊళ్ళో పదిమందికి సలహా చెప్పిన మనిషి అక్కడ పసిపిల్లాడిలా చేతులతో సైగలు చేస్తూ నిలబడతాడు.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. అరబ్బు దేశానికి వెళ్ళిన ముస్లిం అరబీకి కొత్తవాడు కాడు. చిన్ననాడే ఖాయిదా పట్టుకుని అలిఫ్, బా నేర్చుకున్నాడు. అల్లాహ్ గ్రంథాన్ని ఎన్నోసార్లు పారాయణం చేశాడు. మస్జిదులో ఇమాం ఖిరాఅత్ మొదలుపెట్టగానే అది ఏ సూరానో చెప్పగలడు. అదే మస్జిదు మెట్లు దిగి దుకాణంలో ఉప్పు అడగాలంటే నోరు పెగలదు. మరో సంగతి. ఉర్దూ వచ్చినవారికి పాకిస్తానీయులతో, ఉత్తర భారతీయులతో కాస్త మాట కలుస్తుంది. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబాల నుండి వెళ్ళినవారికి ఆ ఊరటా లేదు. వారి ఒంటరితనం రెండింతలు.

ఇలాంటివారు ఎప్పుడైనా మనసు విప్పి బాధ చెప్పుకుంటే మనలో కొందరు వెంటనే, “అల్లాహ్ తోడుండగా ఒంటరితనమేమిటి? సహనం వహించు” అంటారు. ఈ మాటలో సత్యం ఉంది. అయితే దీన్ని చెప్పే తీరులో ఒక పొరపాటూ దాగి ఉంది. విశ్వాసికి ఒంటరితనం కలగడం అతని ఈమాన్ బలహీనతకు గుర్తా? సహనమంటే బాధను లోలోపల దాచుకుని మౌనంగా ఉండిపోవడమేనా? ఈ రెండు ప్రశ్నలను ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

దిగులు పాపం కాదు

అల్లాహ్ మానవుణ్ణి తోడు కోరుకునే స్వభావంతో పుట్టించాడు. ఒకే ప్రాణి నుండి మానవులను సృష్టించి, మనశ్శాంతి పొందటానికి ఆ ప్రాణి నుండే జంటను కల్పించిన సంగతి దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది (అల్ ఆరాఫ్: 189). తోడు అవసరం సృష్టికర్త పెట్టిన అవసరమే. కాబట్టి దాన్ని విశ్వాస లోపంగా ఎంచడం సరికాదు.

హజ్రత్ బిలాల్ (రజి) విశ్వాసాన్ని ఎవరు శంకించగలరు? మండుటెండలో గుండెల మీద బండరాయి పెట్టినా చలించని మహనీయుడాయన. ఆయనే మదీనాకు వలస వచ్చిన కొత్తలో జ్వరంతో పడి ఉండి, మక్కా లోయను, అక్కడి గడ్డి పరిమళాన్ని, నీటి మడుగులను, కొండలను తలచుకుని బెంగపెట్టుకున్నారు. ఆ సంగతి విన్న దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆయన్ని మందలించలేదు. మక్కాను ప్రేమించినట్లే మదీనాను కూడా మాకు ప్రియమైనదిగా చెయ్యమని అల్లాహ్‌ను వేడుకున్నారు. బెంగపడిన మనిషికి ప్రవక్త (స) ఇచ్చిన జవాబు దుఆ.

అంతకు ముందు క్రీ.శ. 615లో కొందరు విశ్వాసులు మక్కా దౌర్జన్యాల నుండి తప్పించుకుని సముద్రం దాటి అబిసీనియాకు వెళ్ళారు. అది భాష వేరు, ప్రజలు వేరు అయిన దేశం. అక్కడి నజాషీ రాజు న్యాయంగా ఆదరించాడు. అయినా పరాయి నేల పరాయి నేలే. వారిలో చివరి బృందం హిజ్రీ 7వ సంవత్సరంలో గాని మదీనా చేరలేదు. ఆ బృందంలోని హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి)తో హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి, హిజ్రత్‌లో మేమే మీకన్నా ముందున్నామన్నారు. ఆమెకు కోపం వచ్చింది. మీరు ప్రవక్త సన్నిధిలో ఉన్నారు, మీలో ఆకలిగొన్నవారికి ఆయన అన్నం పెట్టేవారు, తెలియనివారికి బోధించేవారు, మేమేమో దూరాన పరాయి దేశంలో ఉన్నాం అని బదులిచ్చారు. నేరుగా ప్రవక్త (స) వద్దకు వెళ్ళి ఆ మాట చెప్పుకున్నారు. ఆమె ఫిర్యాదును ఆయన తోసిపుచ్చలేదు. వారికి ఒక హిజ్రత్ పుణ్యమైతే ఓడలో వచ్చిన మీకు రెండు హిజ్రత్‌ల పుణ్యమని తీర్పు చెప్పారు. ఆ మాట వినడానికి అబిసీనియా నుండి వచ్చినవారు గుంపులు గుంపులుగా అస్మా (రజి) వద్దకు వచ్చేవారు. వారికి అంతకు మించిన సంతోషం లోకంలో మరొకటి లేకపోయింది. తమ ఒంటరితనాన్ని ఒకరు గుర్తించారన్న ఊరట ఎంతటిదో ఈ సంఘటన చెబుతోంది.

మూసా ప్రవక్త కోరిన రెండు వరాలు

రెండో ప్రశ్నకు జవాబు హజ్రత్ మూసా (అ) జీవితంలో ఉంది. ఈజిప్టు నుండి ఒంటరిగా పారిపోయి మద్‌యన్ చేరుకున్నప్పుడు ఆయనకు అక్కడ నా అనేవారు లేరు. బావి దగ్గర నిలబడిపోయిన ఇద్దరు యువతుల పశువులకు నీళ్ళు తోడి పెట్టారు. తర్వాత నీడన కూర్చుని, తనకు ఏ మేలు ప్రసాదించినా తాను దాని అవసరంలో ఉన్నానని ప్రభువుతో మొరపెట్టుకున్నారు. ఆ వెంటనే ఆ ఇంటి నుండి పిలుపు వచ్చింది. పని దొరికింది, నీడ దొరికింది, కుటుంబం ఏర్పడింది. ఆయన ముందు మనుషులకు ఉపకారం చేశారు. ఆ తర్వాత అల్లాహ్‌ను వేడుకున్నారు. చేతి సాయానికి భాషతో పనిలేదని ఇందులో మనకు పాఠం.

ఆపైన ఫిరౌను దర్బారుకు వెళ్ళమని ఆజ్ఞ వచ్చినప్పుడు ఆయన ఏమి కోరుకున్నారు? తన మాట ప్రజలకు అర్థమయ్యేలా నాలుక ముడి విప్పమన్నారు. తన సోదరుడు హారూన్ (అ)ను తనకు తోడుగా ఇమ్మన్నారు (తాహా: 25-32). ఒకటి మాట, రెండవది మనిషి తోడు. అల్లాహ్ స్వయంగా సంభాషించిన ప్రవక్త కూడా “నాకు అల్లాహ్ చాలు, మాటా వద్దు, మనిషీ వద్దు” అనలేదు. అల్లాహ్ కూడా ఆ కోరికను ఆక్షేపించక మన్నించాడు. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, అల్లాహ్ మీద భరోసా ఉంచడం, తోడు వెతుక్కోవడం ఒకదానికొకటి విరుద్ధం కావు. సహనమంటే అల్లాహ్ పట్ల నిష్ఠూరం లేకుండా, నిరాశకు లోనుకాకుండా ప్రయత్నం సాగించడం. అన్యాయాన్ని, అనారోగ్యాన్ని నోరు మూసుకుని భరించడానికి సహనమని పేరు పెట్టకూడదు.

భాషాభేదం శిక్ష కాదు, సూచన

మానవుల భాషలు, వర్ణాలు వేర్వేరుగా ఉండటం అల్లాహ్ సూచనలలో ఒకటని ఖుర్ఆన్ ప్రకటించింది (అర్రూమ్: 22). భాష తెలియని వ్యక్తి మన కళ్ళకు మూగవాడిలా కనిపించవచ్చు. అల్లాహ్ దృష్టిలో అతను ఒక సూచనను మోస్తున్నవాడు.

శుక్రవారం నాడు మనం పారాయణం చేసే కహఫ్ సూరాలో జుల్‌ఖర్నైన్ గాథ ఉంది. రెండు కొండల నడుమ ఆయనకు ఒక జాతి తారసపడింది. వారికి మాట అర్థం కావడమే కష్టం. అయినా ఆయన వారి గోడు విన్నారు. వారు ఇవ్వజూపిన ధనాన్ని తిరస్కరించారు. శ్రమతో తోడ్పడమని అడిగి, ఇనుప ముక్కలు తెప్పించి, కరిగిన రాగి పోయించి వారితో కలసి అడ్డుగోడ నిర్మించారు. మాట రానివారిని దోచుకోవడం ఎంతో తేలిక. అధికారం ఉండి కూడా ఆయన ఆ పని చేయలేదు. భాష రాని పనివారిని ఇంట్లోనో, కంపెనీలోనో పెట్టుకున్న ప్రతి యజమానికీ ఈ గాథలో హెచ్చరిక ఉంది.

మరి భాష రానివారి వంతు ఏమిటి? నేర్చుకోవడం. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ప్రవక్త (స) ఆదేశంతో యూదుల లిపిని సుమారు పదిహేను రోజుల్లో నేర్చుకున్నారు. అంత త్వరగా మనకు రాకపోవచ్చు. కాని అరబ్బు దేశంలో ఉన్న ముస్లింకు సగం మూట ఇంటి నుండే వచ్చింది. రొట్టెకు ఖుబ్జ్, తేనెకు అసల్, ఇంటికి బైత్, తలుపుకు బాబ్, సూర్యునికి షమ్స్, సోదరునికి అఖ్. ఇవన్నీ ఖుర్ఆన్‌లో ఉన్న మాటలే. నీళ్ళను ఖుర్ఆన్ ‘మాఅ్’ అంటే కువైట్ వీధిలో ‘మాయ్’ అని వినిపిస్తుంది. కొన్ని మాటల అర్థం, ఉచ్చారణ ప్రాంతాన్నిబట్టి మారుతాయి. ‘ఏమిటి’ అనడానికి గ్రంథంలోని ‘మా’ బదులు అక్కడివారు ‘షినూ’ అంటారు. చిన్న పుస్తకంలో రోజుకు ఐదు మాటలు తెలుగు లిపిలో రాసుకున్నా ఏడాదికి పద్దెనిమిది వందలు దాటుతాయి. ఇళ్ళలో పనిచేసే సోదరీమణులకు ఆ ఇంటి పసిపిల్లలే మంచి గురువులు. తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు, ఆ వెంటనే సరిదిద్దుతారు.

ఆ మాటలు వచ్చేదాకా మూడు ఆసరాలున్నాయి. మొదటిది దుఆ. నమాజు అనంతరం చేతులెత్తి మన సొంత తెలుగులో మనసులోనిదంతా చెప్పుకోవచ్చు. అనువాదకుడు అవసరం లేని ఒక సన్నిధి అది. రెండవది సలాం. తెలిసినవారికీ, తెలియనివారికీ సలాం చేయమన్నది ప్రవక్త (స) ఉపదేశం. ఏ దేశస్థుడైనా దానికి బదులిస్తాడు. రోజూ ఒకే వరుసలో నిలబడి సలాం చేసే ముఖం నెల తిరిగేసరికి పరిచయమైన ముఖమవుతుంది. మూడవది చిరునవ్వు. అది కూడా దానమేనని ఆయన (స) చెప్పారు.

అయితే ఒంటరితనం తలుపు తెరచి ఉంచితే చెడు తోడు కూడా లోనికి వస్తుంది. మత్తు, జూదం, రాత్రంతా ఫోనులో వ్యర్థ కాలక్షేపం, ప్రేమ పేరుతో జరిగే మోసం ముందుగా పట్టుకునేది ఇలాంటి మనసునే. దిగులు ముదిరి నిద్ర, తిండి కరవైతే, బ్రతుకు మీదే విరక్తి కలిగితే ఆ సంగతి దాచకూడదు. నమ్మకమైనవారికి వెంటనే చెప్పాలి, వైద్యుణ్ణి కలవాలి. చికిత్స చేయించుకోమన్నది కూడా ప్రవక్త (స) బోధనే. జీతం ఎగవేత, హింస వంటివి ఎదురైతే భారత రాయబార కార్యాలయం ఉంది. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ ద్వారా ఇంటివారు ఇక్కడి నుండే ఫిర్యాదు చేయవచ్చు. కువైట్ అదే ఏడాది చేసిన గృహ కార్మికుల చట్టం వారానికి ఒకరోజు సెలవును హక్కుగా పేర్కొంది. హక్కు అడగడం సహనానికి వ్యతిరేకం కాదు.

మన బాధ్యత

ఇక ఇంట్లో ఉన్న మన సంగతి. ఫోను మోగగానే “డబ్బు పంపావా?” అన్నది మొదటి మాట అయితే, అటువైపు మనిషి తన దిగులు ఎలా చెప్పుకుంటాడు? “బాగానే ఉన్నాను” అని ముగిస్తాడు. “తిన్నావా నాన్నా? ఈ రోజు ఎవరితోనైనా మాట్లాడావా?” అని అడిగే అమ్మీ గొంతు కోసం అతను వారమంతా ఎదురుచూస్తాడు. డబ్బు లెక్క తర్వాత కూడా మాట్లాడుకోవచ్చు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ ఉండి భాష వచ్చినవారు సెలవునాడు ఒక కొత్తవాణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికో, అంగడికో వెళితే అది గొప్ప ఇబాదత్.

ఈ విషయంలో ప్రవక్త (స) వారి ఆదర్శం ఎంత సున్నితమైనదో చూడండి. అబిసీనియా నుండి తిరిగివచ్చినవారిలో ఉమ్మె ఖాలిద్ అనే చిన్న పాప ఉంది. ఆమె బాల్యం గడిచింది ఆ దేశంలోనే. ఆయన (స) ఆమెను పిలిపించి ఒక నగిషీ వస్త్రాన్ని స్వయంగా తొడిగి “సనాహ్” అన్నారు. అబిసీనియా భాషలో ‘బాగుంది’ అని దానికి అర్థం. అరబీలో అంతటి వాక్పటిమ గల ప్రవక్త ఒక పసిపాప కోసం ఆమెకు తెలిసిన పరాయి మాట పలికారు. ఆ ఒక్క మాట ఆమెకు జీవితాంతం గుర్తుండిపోయింది. హదీసుగా మన దాకా చేరింది.

పరాయివారు మన మధ్య కూడా ఉన్నారు. మన ఊరి ఇటుక బట్టీలలో ఒడిశా కూలీలు, హైదరాబాద్ కట్టడాల దగ్గర బీహార్, బెంగాల్ కార్మికులు తెలుగు రాక తలవంచుకుని పనిచేసుకుంటున్నారు. వారిలో కొందరు మన మస్జిదులోనే చివరి వరుసలో నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారు. ముస్లిం అయినా, ముస్లిమేతరుడైనా పరదేశి పట్ల మన బాధ్యత ఒక్కటే. కువైట్‌లో ఉన్న మన బిడ్డను ఎవరైనా పలకరించాలని మనం అల్లాహ్‌ను వేడుకుంటాం. ఇక్కడ ఉన్న మరో తల్లి బిడ్డను మనం పలకరించకపోతే ఆ వేడుకోలుకు అర్థమేముంటుంది? వారి భాషలో ఒక్క మాట నేర్చుకుందాం. ఈ శుక్రవారమే దాన్ని పలుకుదాం.

పరాయి గడ్డపై ఉన్న మన సోదర సోదరీమణుల నాలుకల ముడులను అల్లాహ్ విప్పుగాక! వారికి మంచి తోడును, మనకు వారి మౌనాన్ని వినగల మనసును ప్రసాదించుగాక! ఆమీన్.